ఆహారవిధిలో రాశి ఒక్కటే కాదు

విస్తరి చుట్టును పరిషేచనము చేసి, ఐదు ప్రాణాహుతులను స్వీకరించి, మౌనముగా భుజించుట ఒకనాటి గృహస్థుని ఆచారము. నేటి గృహస్థుడు కంచము ముందు కూర్చుండి మొదట ఫోను తీయుచున్నాడు. అన్నము ఎన్ని గ్రాములు, పప్పు ఎన్ని గిన్నెలు, నెయ్యి ఎన్ని చెంచాలు అని యాప్‌లో నమోదు చేయుచున్నాడు. అంకె లక్ష్యమునకు లోబడినచో సంతోషము, మించినచో పశ్చాత్తాపము. ఆకలి తీరినదా లేదా యన్న ప్రశ్న ఈ వ్యవహారములో ఎక్కడను తలయెత్తదు.

ఈ అలవాటును ప్రశంసించువారు అనేకులు. నిందించువారును కలరు. నిందించువారిలో పెక్కుమంది అది విదేశమునుండి వచ్చినదన్న ఒక్క కారణము చేతనే నిందించుచున్నారు. అట్టి నింద విచారమునకు నిలువదు. ఒక సాధనము ఎక్కడ పుట్టినదన్నదానికంటె, అది మనుష్యుని ఏ స్థితికి కొనిపోవుచున్నదన్నది ముఖ్యము. కావున పూర్వపక్షమును దాని పూర్ణబలముతో ముందుగా వినవలెను.

పూర్వపక్షి చెప్పునది ఇది. మన దేశములో 10 కోట్లకు పైగా మధుమేహులు కలరని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో వెల్లడించినది. తెలుగువారి కంచములో అధికభాగము తెల్లని బియ్యపు అన్నమే. తాతలు పొలము దున్ని, నీరు తోడి, క్రోసుల దూరము నడచి ఆ అన్నమును అరిగించుకొనిరి. మనుమలు దినమంతయు కుర్చీలో కూర్చుండి అంతే అన్నమును తినుచున్నారు. కొంచెమే తిన్నానని ప్రతివాడును చెప్పును. వ్రాసి చూచినప్పుడు గాని ఆ కొంచెము ఎంతయో తెలియదు. నెయ్యి ఒక చెంచా 5 గ్రాములైనచో 45 క్యాలరీలు. తల్లి ప్రేమతో వేసిన నాలుగు చెంచాలు 180 క్యాలరీలు. ప్రేమ యని చెప్పినంత మాత్రమున ఆ లెక్క తగ్గదు. కనుక ప్రతి మనుష్యుడును ప్రతిదినమును తాను తిన్నదానిని యాప్‌లో లెక్కించుకొనవలెను అని పూర్వపక్షము.

ఇందులో సత్యాంశము కలదు. మితము లేని భోజనమును శాస్త్రము ఎన్నడును సమర్థింపలేదు. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని భగవద్గీత ఆఱవ అధ్యాయము బోధించుచున్నది. ప్రసాదమునకు దోషము లేదని చెప్పి మధుమేహి చేతిలో రెండవమాఱు చక్రపొంగలి పెట్టువాడు భక్తిని చూపుట లేదు; ఆ రోగి దేహమునకు అపకారము చేయుచున్నాడు. వైద్యుడు కొలిచి తినుమన్న రోగికి కొలిచి తినుటయే ధర్మము. ఆ విషయమున వివాదము లేదు. రోగికి విధించిన నియమమును ఆరోగ్యవంతుని నిత్యభోజనమునకు శాసనముగా మార్చి, యాప్ చూపు అంకెనే పరమప్రమాణముగా స్వీకరించుట యుక్తమా యన్నదే ప్రశ్న. యుక్తము కాదని సిద్ధాంతము.

చరకసంహిత విమానస్థానము ప్రథమాధ్యాయములో ఆహారమును నిర్ణయించు అంశములు ఎనిమిదిగా చెప్పబడినవి: ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. వీనిలో రాశి యనగా పరిమాణము. దానిని సైతము ఆచార్యుడు రెండుగా విభజించెను. భోజనము మొత్తము యొక్క కొలత సర్వగ్రహము. ఒక్కొక్క పదార్థము యొక్క కొలత పరిగ్రహము. యాప్ తెరపై నేడు కనబడు రెండు వరుసలును ఇవియే. పరిమాణవిచారము మన పూర్వులకు తెలియదని చెప్పువారు గాని, వారు దానిని తిరస్కరించిరని చెప్పువారు గాని ఆ గ్రంథమును చూడనివారే. అయితే ఆచార్యుడు రాశిని ఎనిమిదింటిలో ఒకటిగా నిలిపెను. యాప్ ఆ ఒక్కదానినే గ్రహించి తక్కిన ఏడింటిని దాదాపు విడిచినది.

విడిచినందువలన కలుగు లోపము ఎట్టిదో చూడవలెను. ప్రకృతికి చరకుడు చూపిన ఉదాహరణమే మినుము, పెసర. మినుము గురువు, పెసర లఘువు. ఎండు పప్పులుగా తూచినచో ఈ రెండింటి క్యాలరీలును ఇంచుమించు సమానము. అంకె దృష్టిలో రెండును ఒక్కటే. జ్వరము తగ్గిన బిడ్డకు పెసరకట్టు పోసి, మినపగారెను దూరముగా ఉంచు తెలుగు గృహిణికి మాత్రము ఆ రెండింటి అంతరము తెలియును. కరణమనగా సంస్కారము. బియ్యము ఒక్కటియే అయినను అప్పుడే వార్చిన వేడి అన్నము వేఱు, రాత్రి మజ్జిగ పోసి ఉంచిన చద్దన్నము వేఱు, నూనెలో వేయించిన అన్నము వేఱు. కాలమనగా ఋతువు మాత్రమే కాదు, తినువాని అవస్థ కూడ. గ్రీష్మమధ్యాహ్నమున హితమైనది హేమంతరాత్రియందు హితము కానక్కఱలేదు.

పోనిండు, రాశి ఒక్కటియే చాలునని అంగీకరించినను ఆ రాశి యైన సత్యమా? క్యాలరీ లెక్కకు మూలపురుషుడు విల్బర్ అట్వాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. కనెక్టికట్ రాష్ట్రములోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున 19వ శతాబ్ది చివరి దశకములో ఆయన మనుష్యులను ఒక మూసిన గదిలో ఉంచి, వారు తిన్న ఆహారమును, విడిచిన ఉష్ణమును కొలిచెను. గ్రాము పిండిపదార్థమునకు 4, మాంసకృత్తులకు 4, క్రొవ్వునకు 9 అను గుణకములు ఆ పరిశ్రమ ఫలములు. అది గౌరవింపదగిన తపస్సే. కాని ఆ గుణకములు సగటులు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు మనుష్యులకు బాదంపప్పులను తినిపించి పరీక్షింపగా, 28 గ్రాములకు సుమారు 170 క్యాలరీలని లెక్కింపబడుచుండిన చోట దేహమునకు అందినవి 129 మాత్రమే యని తేలినది. శాస్త్రజ్ఞులు తమ సగటును తామే సందేహించి దిద్దుకొనిరి. యాప్‌ను చూచువాడు మాత్రము చివరి అంకె వఱకు దానిని వేదవాక్కుగా నమ్ముచున్నాడు.

మన వంటల విషయమున సందేహము ఇంకను అధికము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహారపదార్థముల పట్టికను ప్రకటించినది. అది శ్లాఘనీయమైన కార్యము. అయినను పట్టికలో ఉన్నది కందిపప్పు, గోంగూర, నూనె. ఇంటిలో ఉన్నది గోంగూర పప్పు. ఒక ఇంటి పోపులో నూనె తేలును, మఱియొక ఇంటి పోపులో మెఱయును. యాప్‌లో ఒక గిన్నె యని వ్రాసినవాని గిన్నె ఎంతటిది? గరిటె ఎంత లోతు? ఊహించి వ్రాసిన కొలతను ఖచ్చితమైన అంకెగా తిరిగి చూపినంత మాత్రమున ఊహ జ్ఞానము కాజాలదు.

ఇంతకంటె గంభీరమైన లోపము ఎనిమిదవ అంశము విషయమున కలదు. ఉపయోక్త యనగా తినువాడు. ఆహారమాత్ర అందఱికిని ఒక్కటి కాదనియు, అది తినువాని అగ్నిబలమును బట్టి నిర్ణయింపవలెననియు చరకుడు సూత్రస్థానము ఐదవ అధ్యాయములో స్థాపించెను. ఆ అగ్నిబలమును ఎఱుగవలసినవాడు ఎవడు? తినువాడే. ముందు తిన్నది జీర్ణమైనదా, ఉద్గారము శుద్ధముగా ఉన్నదా, దేహము లఘువుగా ఉన్నదా, ఆకలి పుట్టినదా యని లోపలికి చూచుకొనవలెను. ఇది ప్రతిదినము రెండు పూటలు చేయవలసిన ఆత్మపరీక్ష. యాప్ వయస్సు, ఎత్తు, బరువు అడిగి ఒక సంఖ్యను విధించును. ఆకలి లేకున్నను సంఖ్య మిగిలినదని తినువారు, ఆకలి దహించుచున్నను సంఖ్య ముగిసినదని నీళ్లు త్రాగి పండుకొనువారు అందువలననే తయారగుచున్నారు. నేటి యాప్‌లు నిద్రను, నడకను కూడ లెక్కించుచున్నవే యని పూర్వపక్షి అనవచ్చును. అంకెల సంఖ్య పెరిగినది గాని, తన్ను తాను పరికించుకొను పనిని తినువానికి అవి తిరిగి ఈయలేదు.

ఈ పరాధీనత దుర్బలచిత్తులను ఎంత బాధించునో ఒక దృష్టాంతము. 2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనములో, తినుటకు సంబంధించిన మానసిక రుగ్మతలు గల 105 మందిని ప్రశ్నించిరి. వారిలో సుమారు ముప్పాతిక భాగము ఇట్టి యాప్‌ను వాడినవారే. వాడినవారిలో 73 శాతము మంది తమ రుగ్మతకు అది తోడ్పడినదని చెప్పిరి. యాప్ వలననే వ్యాధి పుట్టినదని దీనివలన సిద్ధింపదు. అయినను అన్నమును చూచి భయపడు మనస్సునకు అది ఊతమగుచున్నదని తెలియుటకు ఇది చాలును. తన కుమార్తె కంచములోని ముద్దను చూచి మొదట అంకె చెప్పి తరువాత తినుచున్నదని గర్వించు తండ్రి ఈ మాటను ఆలోచింపవలెను.

ఇక ఈ లెక్కను ఎవరి చేతికి అప్పగించుచున్నామన్నదియు విచారింపవలెను. మైఫిట్‌నెస్‌పాల్ అను ప్రసిద్ధ యాప్‌ను 2015లో అండర్ ఆర్మర్ అను క్రీడావస్త్రముల సంస్థ 47.5 కోట్ల డాలర్లకు కొనెను. వస్త్రములమ్ము వర్తకుడు అంత ధనము పోసినది జనుల భోజనశుద్ధి కొఱకా? 2018లో సుమారు 15 కోట్ల ఖాతాల వివరములు పరుల పాలైనవని ఆ సంస్థయే ప్రకటించెను. ఇంటివారు తప్ప అన్యులు చూడరాదని పెద్దలు మఱుగున ఉంచిన భోజనము నేడు అంగడి సరకైనది.

ఉపనిషత్తు ఈ విషయమున ఏమి బోధించుచున్నది? ఛాందోగ్యము ఆఱవ అధ్యాయములో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు నీరు మాత్రము త్రాగుచు ఉపవసింపుమనెను. పిమ్మట వేదము చెప్పుమనగా పండ్రెండేండ్లు చదివినవానికి ఒక్కటియు తోచలేదు. అన్నము తిని వచ్చిన తరువాత అంతయు స్ఫురించెను. ఆ ఋషి దినములను లెక్కించెను, పరీక్షయును చేసెను. కాని ఆ పరీక్ష చూపిన ఫలము వేఱు: తిన్న అన్నములోని సూక్ష్మాంశము మనస్సగుచున్నది. అన్నము దేహమునకు ఇంధనము మాత్రమే యైనచో గ్రాముల లెక్క చాలును. అది మనస్సు కూడ అగుచున్నచో, తినునప్పటి మనస్సు ఎట్టిదన్నది తిన్న పరిమాణమునకు తీసిపోని ప్రశ్న. అందువలననే చరకుడును మితముగా తినుమనుటతో ఆగక, మాటలాడక, నవ్వక, తొందరపడక, మనస్సును భోజనమందే నిలిపి తినుమని అదే అధ్యాయములో విధించెను. ముద్దకు ముద్దకు నడుమ తెరను చూచువానికి ఆ నియమము ఎట్లు కుదురును? ఏకాదశినాడు ఉపవసించినవానికి ఆ దినమున లక్ష్యము తప్పినదని సందేశము పంపు యంత్రమునకు వ్రతమేమి, లంఘనమేమి?

కర్తవ్యము దుష్కరము కాదు. వైద్యుడు కోరినచో కోరినంత కాలము వ్రాయవలెను. అదియు భోజనము ముగిసి చేయి కడిగిన తరువాత. కోరనివాడు కుక్షిని మూడు భాగములుగా భావించి, ఒకటి ఘనమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాతాది దోషముల సంచారమునకు విడువవలెనని అదే విమానస్థానము చెప్పిన కొలతను అభ్యసింపవలెను. ముందటి భోజనము జీర్ణము కాక తినరాదు. అన్నము తగ్గింపవలసినవాడు తగ్గింపవలెను. నెయ్యి నాలుగు చెంచాలు వేయు తల్లికి ఒకటి చాలునమ్మా యని వినయముతో చెప్పవలెను. ఇంతమాత్రమునకు తనకు తెలివి చాలదని యంత్రమును ఆశ్రయించువాడు ఇంద్రియనిగ్రహమును అభ్యసించుట లేదు, దానిని కూలికి ఇచ్చుచున్నాడు. కూలికి ఇచ్చిన నిగ్రహము ఫోను ఆరిపోయిన పూటనే ఆరిపోవును.