కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటితే

కడుపుతో ఉన్న ఆడమనిషి ఏరు దాటకూడదు. అడవిలో అడుగు పెట్టకూడదు. సంధ్యవేళ చెట్ల కింద తిరిగితే గాలి సోకుతుంది. ఆమె భర్త పడవ ఎక్కకూడదు, సముద్రస్నానం చేయకూడదు, చెట్టు కొట్టకూడదు, శవం మోయకూడదు, నెలలు ముదిరాక క్షవరం కూడా చేయించుకోకూడదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఈ మాటలు వినని ఇల్లు అరుదు. ధర్మసింధువు లాంటి నిబంధన గ్రంథాల్లో మూలపడి ఉండాల్సిన ఈ జాబితాను ఇప్పుడు యూట్యూబ్ ప్రవచనాలు మళ్లీ ప్రతి ఫోనులోకీ తెచ్చాయి. సరిగ్గా ఇదే కాలంలో యువ దంపతుల్లో ఒక కొత్త కోరిక కనిపిస్తోంది. బిడ్డ పుట్టాక ఇద్దరికీ తీరిక దొరకదు కాబట్టి, కాన్పుకు ముందే రెండు మూడు రోజులు మారేడుమిల్లి అడవిలో ఏ కాటేజీలోనో గడిపి వద్దామంటారు. దానికి బేబీమూన్ అని పేరు. ఆ మాట ఇంట్లో ఎత్తగానే వచ్చే జవాబు ఒక్కటే: పిండానికి ముప్పు, మానుకోండి. ఆ ముప్పు ఏమిటో, ఎలా వస్తుందో అడిగితే మాత్రం సమాధానం ఉండదు. అడిగినందుకు కోపం ఉంటుంది.

నీళ్లు దాటితే గర్భానికి చేటు అన్న మాటను పరీక్షించడానికి కొల్లేరును మించిన చోటు లేదు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కొల్లేటికోట లాంటి ఊళ్లకు రోడ్లు పడకముందు ఉప్పుకైనా, కిరసనాయిలుకైనా, పురిటికైనా నీళ్లు దాటాల్సిందే. తాటిదోనె మీదో, చెక్కపడవ మీదో నిండు నెలల మనిషి కూడా దాటింది. ఆమె భర్త రోజూ తెల్లవారకముందే వల తీసుకుని ఆ పడవే ఎక్కాడు. భార్య కడుపుతో ఉందని తొమ్మిది నెలలు పడవ మానుకుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. శాస్త్రంలో రాసిన నిషేధం నిజమైతే ఆ లంకల్లో ఒక్క తరం కూడా నిలవకూడదు. తరతరాలుగా మత్స్యకార కుటుంబాలు అక్కడే పిల్లల్ని కని పెంచుకున్నాయి. అడవి సంగతీ అంతే. బుట్టాయగూడెం, పోలవరం మండలాల కొండరెడ్లు, కోయలు అడవిలోనే గర్భం మోసి అడవిలోనే కంటారు. గర్భంలో, కాన్పులో వాళ్లను చంపుతున్నది చెట్ల మీది గాలి అని ఏ వైద్యుడూ చెప్పలేదు. రక్తం లేకపోవడం, మలేరియా, అంబులెన్స్ రాని దారి, నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుపోవాల్సిన దుస్థితి, ఇవే చంపుతున్నాయి. గుబ్బల మంగమ్మ గుడికి వెళ్లే కుటుంబాలు కూడా బుట్టాయగూడెం దాటి అదే అడవిలోకి, అవే వాగులు దాటుకుంటూ పోతున్నాయి. పిల్లలు పుట్టాలని మొక్కుకోవడానికి పనికొచ్చిన అడవి, ఆ కడుపు పండిన మరుసటి నెల నుంచి విషమైపోవడానికి కారణం ఏమిటో నమ్మేవాళ్లు చెప్పాలి.

ఇంకా లోతుకు పోతే ఈ నమ్మకం అసలు రూపం బయటపడుతుంది. జూలై, ఆగస్టుల్లో డెల్టా అంతా నాట్లు పడతాయి. మోకాలి లోతు బురదలో, వంచిన నడుము ఎత్తకుండా, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఊడ్చే ఆడవాళ్లలో గర్భిణులు ఉండరా? తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ చుట్టూ కూలి చేసుకునే వాళ్లలో ఉండరా? రొయ్యల ప్లాంట్లలో చల్లని నీళ్లలో చేతులు పెట్టి గంటలకొద్దీ నిలబడి పొట్టు తీసే వాళ్లలో ఉండరా? ఎక్కువసేపు నిలబడే పని, బరువులెత్తే పని నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పును కొంత పెంచుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే పిండానికి ముప్పు ఉన్నది ఇక్కడ. అయినా ఐదో నెల మనిషి నాట్లకు పోకూడదని ఏ ప్రవచనమూ చెప్పదు. పొయ్యి ముందు నిలబడకూడదని, బావిలో నీళ్లు తోడకూడదని, ఇంటెడు బట్టలు ఉతకకూడదని ఇంట్లో ఎవరూ అనరు. పైగా ఇంటి చాకిరీ నడుము వంచి చేస్తే సుఖప్రసవం అవుతుందని కూడా చెబుతారు. చాకిరీకి ఏ గాలీ సోకదు, విశ్రాంతికే సోకుతుంది. ఈ ఆచారం గర్భిణి శరీరాన్ని కాపాడటానికి పుట్టి ఉంటే మొట్టమొదట పనిని ఆపి ఉండేది. అది ఆపినదల్లా ఆమె ఇష్టంతో ఇల్లు దాటడాన్ని.

ఈ నమ్మకాల క్రూరత్వం ప్రయాణం మాన్పించడంతో అయిపోదు. అసలు క్రూరత్వం ఏదైనా చెడు జరిగాక మొదలవుతుంది. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. వీటిలో అత్యధికం మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయి. అలా పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం. అది చాలావరకు అండమూ వీర్యకణమూ కలిసే నాటికే నిర్ణయమైపోయి ఉంటుంది. తర్వాత ఆ తల్లి మంచం దిగకుండా పడుకున్నా, కొండ ఎక్కినా దానిలో మార్పు రాదు. కానీ మన ఇళ్లల్లో విచారణ వేరుగా నడుస్తుంది. ఎక్కడికి వెళ్లావు, ఏ వేళప్పుడు వెళ్లావు, ఎవరి కంట పడ్డావు, ఏ చెట్టు కింద కూర్చున్నావు అని అడుగుతారు. ఆమె ఎక్కడికో వెళ్లి ఉంటే నేరం రుజువైనట్టే. ఎక్కడికీ వెళ్లకపోతే గుమ్మంలో కూర్చున్నదనో, జుట్టు విరబోసుకున్నదనో మరొకటి దొరుకుతుంది. బిడ్డను పోగొట్టుకుని, శరీరం ఇంకా తేరుకోకముందే, ఆ చావుకు తానే కారణమని నమ్మి బతకాల్సిన స్థితిలోకి ఆమెను నెడతారు. చాలా ఇళ్లల్లో ఆ తర్వాత మరొకరి సీమంతంలో గాజులు తొడగడానికి ఆమెను ముందుకు రానివ్వరు. భర్తను ఎవరూ ఏమీ అడగరు. పడవ ఎక్కకూడదన్న నియమం అతనికీ ఉంది కదా, మరి అతను ఎక్కాడా అని ఎవరూ లెక్క తీయరు. నియమాలు ఇద్దరికీ రాసినా శిక్ష మాత్రం ఆమెకే.

గ్రహణం మొర్రి అన్న పేరులోనే ఈ నింద స్థిరపడిపోయింది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే, తల్లి గ్రహణం వేళ కదిలిందని తీర్పు చెబుతారు. గర్భంలో పెదవి ఏర్పడేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. అంగిలి తొమ్మిదో వారానికల్లా కలిసిపోతుంది. అప్పటికి చాలామందికి గర్భం నిలిచిందన్న సంగతే గట్టిగా తెలియదు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో వచ్చిన గ్రహణం ఎప్పుడో కలిసిపోయిన పెదవిని ఎలా చీలుస్తుంది? వంశపారంపర్య కారణాలు, తల్లికి ముందే ఉన్న మధుమేహం, పొగ, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ లోపానికి దారి తీయవచ్చని వైద్యం గుర్తించింది. ఆపరేషన్‌తో దాన్ని సరిచేయవచ్చు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి దేశమంతా కనిపించిన సంపూర్ణ చంద్రగ్రహణానికి కూడా ఎన్నో ఇళ్లల్లో గర్భిణులను నీళ్లు తాగనివ్వకుండా, పక్కకు తిరగనివ్వకుండా పడుకోబెట్టారు. ఈ నేల మీద దీనికి జవాబు ఎప్పుడో దొరికింది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆమె కడుపుతో ఉండి గ్రహణం వేళ కావాలనే బయటికి వచ్చిన మనిషి. తొమ్మిది మంది పిల్లల తల్లి. ఆ పిల్లల్లో ఒకరు మనందరికీ తెలిసిన డాక్టర్ సమరం. అంత దగ్గర ఉదాహరణ ఉండి కూడా ఇన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ ఇదే చర్చ చేయాల్సి రావడం బాధ కలిగిస్తుంది.

పెద్దలవన్నీ తెలివితక్కువ మాటలేనా అని అడిగేవాళ్లున్నారు. కావు. ఎడ్లబండి తప్ప మరో బండి లేని రోజుల్లో, ఆస్పత్రి మరో ఊళ్లో ఉన్న రోజుల్లో, వరద కాలవ దాటడం ఎవరికైనా ప్రమాదమే. నెలలు నిండిన మనిషిని ఆ దారిన పంపవద్దనడంలో జాగ్రత్త ఉంది. కానీ ఆ జాగ్రత్తకు కారణం దారి, వరద, దూరం. కారణం పోయాక నియమం కూడా పోవాలి, లేదా కొత్త కారణాలను బట్టి మారాలి. మనవాళ్లు కారణాన్ని వదిలేసి నియమాన్ని పట్టుకున్నారు. పైగా దానికి దయ్యాన్నీ గ్రహాన్నీ జోడించి ప్రశ్నకు అందకుండా చేశారు. నీళ్ల మీద అసలు ప్రమాదం ఎలా వస్తుందో గోదావరే చూపింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ పడవ కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. 26 మంది మాత్రమే బయటపడ్డారు. గోదావరి వరద మీద ఉండగా పడవను వదలడం ఆ ఘోరానికి దారి తీసింది. ఆ ప్రయాణికుల్లో ముహూర్తం చూసుకుని బయల్దేరినవాళ్లు కూడా ఉండి ఉండవచ్చు. నదిలో భద్రత అంటే వరద మట్టం, లైఫ్ జాకెట్, అనుమతి ఉన్న పడవ, సరిపడా మనుషులు. ఈ నాలుగూ గర్భిణికి ఎంత అవసరమో మిగతా అందరికీ అంతే.

అడవి ప్రయాణంలో నిజమైన ప్రమాదాలు లేవని నేను అనను. మారేడుమిల్లి ప్రాంతంలో మలేరియా ఉంది. గర్భిణికి మలేరియా వస్తే రక్తం పడిపోతుంది, గర్భం పోవచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. తాడేపల్లిగూడెం నుంచి రాజమండ్రి మీదుగా అక్కడికి మూడు నాలుగు గంటల కారు ప్రయాణం. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు గర్భంలో మామూలుకన్నా ఎక్కువ. అందుకే దారిలో దిగి నడవాలి, సీటు బెల్టు పొట్ట కింద నుంచి పెట్టుకోవాలి. మాయ కిందికి ఉన్నవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు, మధ్యలో రక్తం కనిపించినవాళ్లు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవాళ్లు ఆస్పత్రికి దూరంగా పోకూడదు. ఇబ్బందులు లేని గర్భిణికి ప్రయాణానికి అనువైన కాలం 14 నుంచి 28 వారాల మధ్య అని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. మంచం మీద పడుకోబెట్టినంత మాత్రాన ముందస్తు కాన్పు ఆగదనీ, దానివల్ల నష్టమే ఉందనీ కూడా ఆ వైద్యులే తేల్చారు. ఈ జాగ్రత్తల్లో ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ఆ కారణాన్ని పరీక్షించవచ్చు, ఒక మనిషికి వర్తించేది మరొకరికి వర్తించకపోవచ్చు. ఆచారం చెప్పే నిషేధం మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ ఒకే గాటన కట్టేస్తుంది. అది అసలు ప్రమాదాన్ని కూడా దాచిపెడుతుంది. దిష్టి తీయించుకుని, మెడలో తాయెత్తు కట్టుకుని బయల్దేరే ఇంట్లో దోమతెర గుర్తుకు రాదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల వేడుక, రిసార్టులవాళ్లు అమ్ముకునే పాశ్చాత్య మోజు అన్నది మరో అభ్యంతరం. అమ్ముకుంటున్న మాట నిజం. ఫొటోల కోసం చేసే ఖర్చును సమర్థించాల్సిన పని నాకు లేదు. కానీ అవసరం ఆ వ్యాపారం కన్నా పాతది. గర్భిణుల్లో నూటికి పదిమంది మానసిక రుగ్మతతో, ముఖ్యంగా కుంగుబాటుతో బాధపడుతున్నారనీ, మనలాంటి దేశాల్లో ఈ సంఖ్య పదిహేను దాటుతోందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గర్భంలో, కాన్పులో భర్త పాలుపంచుకునేలా చూడాలని అదే సంస్థ 2015లో సిఫారసు చేసింది. మన పద్ధతి దీనికి ఎదురు నడుస్తుంది. ఏడో నెలలో సీమంతం చేసి, చలిమిడి పెట్టి, ఆమెను పుట్టింటికి పంపేస్తారు. భర్త అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టమవుతాడు. ఆమెకు రాత్రి నిద్ర పట్టడం లేదని, కాన్పంటే భయంగా ఉందని అతనికి తెలిసే అవకాశమే ఉండదు. ఇద్దరూ రెండు రోజులు ఒకచోట ఉండి, పుట్టబోయే బిడ్డ గురించి, డబ్బు గురించి, ఆమె ఉద్యోగం గురించి, భయాల గురించి మాట్లాడుకోవడం విలాసం ఎలా అవుతుంది? డబ్బు లేనివాళ్లకు మారేడుమిల్లే కావాలని లేదు. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులను చూస్తూ గడిపే ఒక ఆదివారం చాలు. కూలికి పోయే ఆడవాళ్లకు ఆ ఆదివారం కూడా దొరకడం లేదన్నది నిజం. ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద సెలవును 2017లో 26 వారాలకు పెంచినా, నాట్లు వేసే మనిషికి అందులో ఒక్క రోజు కూడా అందదు. కోపం రావాల్సింది దాని మీద.

చివరగా అందరూ అనే మాట: ఏమో, పాటిస్తే పోయేదేముంది? ఈ మాటే మిగతా అన్నిటికన్నా ఎక్కువ హాని చేసింది, ఎందుకంటే ఇది మంచితనం వేషంలో వస్తుంది. పోయేవి చాలా ఉన్నాయి. గ్రహణం రోజు పస్తుతో బీపీ పడిపోయే తల్లి ఆరోగ్యం పోతుంది. తన శరీరం గురించి తాను నిర్ణయించుకోగలనన్న ధైర్యం పోతుంది. పాటించిన ప్రతిసారీ, పాటించని పక్కింటి ఆడపిల్ల మీద నింద వేయడానికి మరో సాక్ష్యం చేరుతుంది.

కాబట్టి అత్తగార్లకు, అమ్మలకు, మామగార్లకు నా విన్నపం. ఐదో నెలలో ఉన్న కూతురో కోడలో రెండు రోజులు అడవికి పోయి వస్తామంటే డాక్టరు ఏమన్నారో అడగండి. బీపీ ఎంతుందో, మాయ ఎక్కడుందో, బసలో దోమతెర ఉందో లేదో, దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరమో అడగండి. వాటికి సరైన జవాబులు ఉంటే నవ్వుతూ పంపండి. ఆ తర్వాత ఆ గర్భానికి ఏం జరిగినా సరే, ఆ ప్రయాణం పేరెత్తి ఆమెను ఒక్క మాట అనకండి.