వేరు చేయాల్సింది కంచం కాదు

ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తెలిస్తే చాలు, ముందు కంచం, గ్లాసు వేరైపోతాయి. కడుపుతో ఉన్న కోడలికి చేసిన రక్తపరీక్షలో బయటపడితే ఆమెను వంటింట్లోకి రానివ్వరు. "ఎక్కడ తెచ్చుకుందో" అని గుసగుసలు. ఇదేమిటని అడిగితే "మా జాగ్రత్త మాది, తప్పేముంది?" అంటారు. తప్పే. ఎందుకంటే అది జాగ్రత్తే కాదు.

కలిసి తింటే ఈ జబ్బు రాదు. ఒకే గ్లాసుతో తాగినా, దగ్గినా, తుమ్మినా, కౌగిలించుకున్నా రాదు. రక్తం వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. కంటికి ఆనని నెత్తుటి తడి చాలు. ఆ వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే భయపడాల్సింది అన్నదమ్ములు కలిసి వాడుకునే రేజర్‌కి, ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉన్న నెయిల్ కట్టర్‌కి, ఒకరిది ఇంకొకరు వాడే టూత్‌బ్రష్‌కి, మార్చకుండా పొడిచే సూదికి. మనం కంచం వేరు చేసి బ్లేడు మాత్రం కలిపే ఉంచుతున్నాం.

ఇక ఆ గుసగుస మరీ అన్యాయం. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందికి పైగా ఆ వైరస్‌ను వదిలించుకుంటారు. పుట్టుకలో సోకితే దాదాపు 90 మందిలో అది దీర్ఘకాలం ఉండిపోతుంది, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా. ఈరోజు బయటపడినది ఆ కోడలికి పురిటిలోనే అంటి ఉండవచ్చు. ఆమె నడతను ప్రశ్నించే హక్కు ఎవరిచ్చారు?

ఈ అవమానానికి భయపడే చాలామంది పరీక్షకు వెళ్లరు. కామెర్లు కనిపిస్తే చాటుగా పసరు మందు తాగుతారు. కాలేయం గట్టిపడ్డాకో, క్యాన్సర్ ముదిరాకో ఆస్పత్రికి చేరతారు.

నిజమైన జాగ్రత్త టీకా. 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసి, సామాన్యుడికి అందే ధరకు తెచ్చిన టీకా అది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో పరీక్ష, చికిత్స ఉచితం. ఇంట్లో ఒకరికి ఉంటే మిగిలిన అందరూ పరీక్ష చేయించుకోండి, లేనివారు టీకా వేయించుకోండి. తల్లికి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే టీకా, దాంతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ వేయించండి. ఆ బిడ్డకు తల్లి పాలు నిశ్చింతగా పట్టవచ్చు.

ఆ కోడలిని మీ పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం తినండి. ఆమెకు కావాల్సింది వేరే కంచం కాదు, వైద్యం.