రెండు రోజుల ఊరికి... ఒక్క సంచి చాలు!

బెళుగుప్పలో పొద్దున్నే బస్సెక్కేవాళ్ల చేతులు ఓసారి గమనించండి. ఒక చేతిలో బట్టల షాపువాళ్లిచ్చిన సంచి. ఇంకో చేతిలో నీళ్ల బాటిలు, ఆస్పత్రి కాగితాల కవరు. చంకలో పర్సు. పక్కన చెయ్యి పట్టుకుని పిల్లాడు. ఇక కమ్మీ పట్టుకుని బస్సెక్కేదెలా?

వెళ్లేది మరీ దూరమేం కాదు. కళ్యాణదుర్గమో, ఉరవకొండో, అనంతపురమో. శనివారమైతే కసాపురం ఆంజనేయస్వామి దర్శనం, లేదంటే పెన్నహోబిలం నరసింహస్వామి గుడి. కాస్త దూరమంటే బెంగళూరులో పనిచేసే కొడుకు దగ్గరికి. ఉండేది ఒక రాత్రి, మహా అయితే రెండు. దీనికి సూట్‌కేసు ఎక్కువ, హ్యాండ్‌బ్యాగు తక్కువ. ఈ రెంటికీ మధ్య సరిగ్గా సరిపోయేది టోట్ బ్యాగు. వెడల్పు నోరు, భుజానికి తగిలించుకునే రెండు పట్టీలు... అంతే! పేరు కొత్తగా ఉన్నా, మన చేసంచికి అక్క వరస.

ఏ గుడ్డ మేలు?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. కాబట్టి ఇక్కడి సంచికి వాన కన్నా ఎండ, దుమ్ము పెద్ద శత్రువులు. చూడ్డానికి తోలులా మెరిసే రెగ్జిన్ సంచి ఈ ఎండలకు త్వరగా పొట్టు లేస్తుంది. జనపనార సంచి గట్టిదే, కానీ తడిస్తే ఓ పట్టాన ఆరదు. నైలాన్‌ది తేలిక, తడిసినా త్వరగా ఆరుతుంది. నాలుగు కాలాలు మన్ని, ఉతుక్కోవడానికి వీలుండాలంటే మందపాటి కాన్వాసు గుడ్డ మంచిది. దుమ్ము కనబడకుండా ముదురు రంగు తీసుకోండి.

పెళ్లిళ్లలో, షాపుల్లో ఇచ్చే పల్చటి సంచులు గుడ్డలా కనిపిస్తాయి గానీ వాటిలో చాలావరకు ప్లాస్టిక్కే. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించి చేస్తారు. కూరగాయలకు సరే. ప్రయాణానికి నమ్ముకుంటే దారిలోనే కుట్టు విడిపోవచ్చు.

కొనేటప్పుడు మూడు చూడండి. మొదటిది పట్టీల కుట్టు. సంచికి అతికిన చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు గీతలు వేసి ఉండాలి. ఒక్క వరస కుట్టు ఉంటే మన దర్జీతో మళ్లీ వేయించుకోండి. రెండోది జిప్పు. నోరు తెరిచి ఉండే సంచి రద్దీ బస్సుకు పనికిరాదు. మూడోది అడుగు. నాలుగైదు అంగుళాల వెడల్పు ఉంటే కింద పెట్టినా ఒరిగిపోదు.

ఆస్పత్రికైతే కొలత ముఖ్యం

పల్లె నుంచి పట్నానికి చేసే ప్రయాణాల్లో ఆస్పత్రి పనీ ఒకటి. పెద్ద ఎక్స్‌రే ఫిల్ము 14 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని మడిస్తే గీత పడుతుంది. డాక్టరు చూడాల్సిన చోటే ఆ గీత పడితే మళ్లీ తీయించాల్సి రావచ్చు. ఆ ఖర్చు సంచి ధర కన్నా ఎక్కువే కావచ్చు! అందుకే ఇంట్లో తరచూ ఆస్పత్రికి వెళ్లేవాళ్లుంటే 16 అంగుళాల వెడల్పున్న సంచి తీసుకోండి. ఫిల్ము పైకి కొంచెం కనబడినా ఫర్వాలేదు, వంగకుండా ఒక అట్ట తోడు పెట్టండి. పాత రిపోర్టులు కింద, కొత్తవి పైన ఉండేలా తేదీల వరసలో సర్దండి.

మాత్రలు విడదీసి డబ్బాలో పోయకండి. పేరు కనబడేలా స్ట్రిప్పుతోనే ఉంచండి. తిరుగు ప్రయాణం ఆలస్యమైనా ఇబ్బంది లేకుండా రెండు రోజులవి ఎక్కువ పెట్టుకోండి. ఇన్సులిన్ ఉంటే బట్టల మధ్యలో ఉంచి, సంచిని కిటికీ పక్క ఎండలో పెట్టకండి.

సర్దడానికీ ఓ వరస

బరువైనవి అడుగున, ఒంటికి ఆనుకునే వైపు పెట్టాలి. బట్టలు మడతకు బదులు చుట్టలా చుడితే చోటు మిగులుతుంది. ఒక జత బట్టలు, లోదుస్తులు, ఒక తువ్వాలు. తువ్వాలు లేకుండా మాత్రం కదలొద్దు. ఎండకు నెత్తిన, నిద్రకు తల కింద, దుమ్ముకు ముఖానికి... అన్నిటికీ అదే. చీరను దిండు గలీబులో పెడితే మాయదు, రాత్రికి అదే దిండు.

లీటరు నీళ్లంటే కిలో బరువు. అలాగని వేసవిలో నీళ్లు తగ్గించుకోలేం. తగ్గించాల్సింది మిగతావి. మొత్తం నాలుగైదు కిలోలు దాటితే టోట్ వద్దు, వీపుకు తగిలించుకునే బ్యాగు మేలు. ఒకే భుజాన మోయకుండా మధ్యమధ్యలో మార్చుకోండి. బాటిలు నిలువుగా ఒక మూలన ఉండాలి, కాగితాలు దానికి ఎదురు మూలన. తినడానికి బొరుగులు, శనక్కాయ ఉండలు పెట్టుకుంటే పాడయ్యే భయం లేదు. చిత్రాన్నమైతే మధ్యాహ్నంలోపే తినేయాలి.

చేతికందేలా ఆధార్

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్ర మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్లొచ్చు. గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. ఆ కార్డు బట్టల అడుగున ఉంటే కండక్టరు ముందు సంచి మొత్తం విప్పాల్సిందే! లోపలి జేబులో కార్డు, చిల్లర, ఫోను ఉంచండి. బెంగళూరు వంటి పొరుగు రాష్ట్రాల ఊళ్లకు వెళ్లే బస్సుల్లో ఈ ఉచితం లేదు. ఛార్జీ డబ్బులు విడిగా పెట్టుకోండి.

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే అదే జేబులో ఒక కాగితం పెట్టండి. పేరు, ఊరు, వాడే మందులు, ఇద్దరు ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రాయండి. ఫోన్‌లో ఛార్జింగు అయిపోయినా కాగితం అయిపోదు కదా!

కాస్త చోటు మిగల్చండి

వెళ్లేటప్పుడు ముప్పావు వంతే నింపండి. మన చుట్టాల సంగతి తెలియనిదేముంది? ఉట్టిచేతుల్తో పంపరు. నాలుగు శేర్ల శనక్కాయలో, చింతపండో, అప్పుడే చేసిన ఓళిగలో చేతిలో పెడతారు. చోటు లేదంటే నొచ్చుకుంటారు. పల్చటి గుడ్డ సంచి ఒకటి మడిచి అడుగున వేసుకుంటే ఇంకా నిశ్చింత.

ఇంటికి రాగానే సంచి బోర్లించి దులపండి. కార్డు, కాగితం మాత్రం మళ్లీ అదే జేబులో పెట్టేసి కొక్కేనికి తగిలించండి. రాత్రి పూట ఉన్నట్టుండి ఆస్పత్రికి బయల్దేరాల్సి వస్తే, వెతుక్కోకుండా సంచి అందుకుని వెళ్లిపోవచ్చు.