కంచెలు పెరిగె.. కసువు తరిగె!

కర్నూలు, కడప: కోత అయిపోయిన చేను సీమ పల్లెల్లో ఒకప్పుడు ఊరందరిదీ. పంట కళ్లానికి చేరగానే కొయ్యకాళ్లలోకి ఊరి మంద దిగేది. మేసినంత మేసి, పేడ వేసి వెళ్లేది. ఎవరూ ఎవరినీ అడగనక్కరలేని ఆ ఒప్పందం ఇప్పుడు కరిగిపోతోంది. బోరు పడిన చోట చీనీ తోట వచ్చింది, తోట చుట్టూ ముళ్లతీగ వచ్చింది. ప్రభుత్వ బీడు చుట్టూ కందకం, అడవి అంచున గోడ, సౌరఫలకాల చుట్టూ ఇనుప వల. కంచె వేసిన ప్రతి ఒక్కరి వద్దా సరైన కారణమే ఉంది. కంచె బయట మిగిలిన పశువుకే రోడ్డు అంచు తప్ప మరో దిక్కు లేదు.

విస్తీర్ణం సంగతి ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు సుమారు 5,900 ఎకరాల్లో ఉంది. కడప జిల్లా మైలవరం మండలంలోనూ ఇటువంటి పార్కుకే భూములిచ్చారు. విద్యుత్ అవసరాన్ని ఎవరూ కాదనరు. అయితే రికార్డుల్లో 'బంజరు' అని రాసిన నేల ఊరి లెక్కలో ఎన్నడూ బంజరు కాదు. వాన పడిన పది రోజులకు అక్కడ మేత మొలుస్తుంది. భూమి ఇచ్చిన పట్టాదారుకు పరిహారం ముడుతుంది, ఆ నేలపై పశువులు మేపుకున్నవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

రోళ్లపాడు పాఠం

కంచె వేస్తే మేత పెరుగుతుందన్నది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే రోళ్లపాడు వెళ్లాలి. నందికొట్కూరు సమీపంలో, మిడుతూరు మండలంలో (నేటి నంద్యాల జిల్లా) ఉన్న ఈ గడ్డి మైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. గొర్రెలు, పశువులు రాకుండా గడ్డి నేలను మూశారు. గడ్డి పెరిగింది, తొలినాళ్లలో పిట్ట కూడా నిలిచింది. ఆ తరవాత కథ అడ్డం తిరిగింది. కాపలా దొరికిన కృష్ణజింకలు మందలు మందలుగా పెరిగి చుట్టుపక్కల చేలపై పడ్డాయి. మేపు నేల పోగొట్టుకున్న రైతే పంట కూడా పోగొట్టుకున్నాడు. అభయారణ్యం అంటేనే ఊళ్లలో విముఖత మొదలైంది. ఈలోగా కాలువ నీరు వచ్చి చుట్టూ పంటల తీరు మారింది. ఎవరికోసం కంచె వేశారో ఆ బట్టమేక పిట్ట ఇటీవలి ఏళ్లలో కనిపించడమే గగనమైంది.

ఇందులో తప్పు కంచెది కాదు. లోపల గడ్డిని ఎప్పుడు కోయాలి, ఎంత మేపాలి, ఏ ఊరివారికి ఎంత వాటా అన్నది కంచెతోపాటే తేలకపోవడం తప్పు. గడ్డి నేల అడవి వంటిది కాదు. మేపు బొత్తిగా లేకపోతే ముదిరి, ఎండి, వేసవిలో నిప్పుకు ఆహుతి అవుతుంది. అతిగా మేపితే వేరుతో సహా పోతుంది. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద మళ్లీ వెలుగు చూసిన కలివికోడి విషయంలోనూ పరిశోధకులు గమనించింది ఇదే. దానికి మరీ దట్టమైన పొదా పనికిరాదు, పూర్తిగా బోసిపోయిన నేలా పనికిరాదు.

చొప్ప ఎటు పోయింది?

మేత కొరతను బీళ్ల మీదికే నెట్టడం కూడా సరికాదు. సీమ పశువు ఏనాడూ ఒక్క బీడు మీదే బతకలేదు. వేసవి నాలుగు నెలలు దాన్ని నిలబెట్టింది జొన్న చొప్ప వామి, వేరుశనగ కట్టె. కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడిలో జొన్న స్థానాన్ని చాలావరకు శనగ ఆక్రమించింది. శనగ రైతుకు డబ్బు తెచ్చిందనడంలో సందేహం లేదు. కానీ శనగ చేను ఇచ్చే పొట్టు ఎంత? పైగా నంద్యాల పరిశోధన స్థానం యంత్రంతో కోతకు వీలైన ఎన్‌బీఈజీ-47 రకాన్నీ తెచ్చింది. కూలీల కొరతకు అది జవాబే. యంత్రం కోసిన చేలో పొట్టు ఏరుకునే ఓపిక ఎవరికుంది? ప్రత్తికి మారిన చేలో అదీ లేదు.

లెక్క వేసి చూస్తే లోటు ఎంతో తెలుస్తుంది. పశువు తన బరువులో రోజుకు రెండున్నర శాతం వరకు ఎండు పదార్థం తింటుంది. 300 కిలోల ఎద్దుకు ఏడున్నర కిలోలు, జతకు పదిహేను. మార్చి నుంచి జూన్ వరకు 120 రోజులకు 1,800 కిలోలు. అంటే ఇంచుమించు రెండు టన్నుల మేత వామిలో ఉంటేనే ఒక జత ఎద్దులు తొలకరికి నిలుస్తాయి. లేకపోతే కోస్తా నుంచి లారీల్లో వచ్చే వరిగడ్డి కొనాలి, లేదా సంతకు తోలాలి. 2002 నాటి కరవులో చాలా కుటుంబాలు రెండో దారే పట్టాయి. సంతలో అందరూ అమ్మేవారే అయినప్పుడు ధర ఏం పలుకుతుందో చెప్పనక్కరలేదు.

కొన్న వరిగడ్డికైనా కొంత బలం చేర్చవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. పాడి శాఖ దశాబ్దాలుగా చెబుతున్న ఈ పద్ధతి పల్లెల్లో ఇంకా అరుదే. చాలామందికి యూరియా అంటే పశువుకు విషమన్న భయం. ఆ భయమూ ఉత్తిది కాదు, కొలత తప్పితే ప్రమాదమే. అదే జాగ్రత్త జొన్నకూ అవసరం. బెట్టకు వాడిన లేత జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకల్లో 'నాము' ఉంటుంది. ఆకలితో ఉన్న పశువును తొలివానకు అటువంటి చేలోకి వదిలితే ఇంటికి తిరిగి రాకపోవచ్చు. పూత వచ్చాక కోసి వేయడమే క్షేమం.

ఏ కంచె, ఏ గడ్డి

ఇక కంచె సంగతి. చిన్న రైతుకు ఇనుప తీగ భారం. ఈ ప్రాంతంలో బండకు కొరత లేదు. బేతంచెర్ల, కడప ప్రాంతాల నాపబండ కూసాలు తరాల తరబడి చెదలు పట్టకుండా నిలుస్తాయి. వాటి మధ్య రెండు వరుసల తీగ, కట్ట మీద కిత్తనార నాటితే మూడు, నాలుగేళ్లకు పశువు దూరని అడ్డు తయారవుతుంది. సర్కారు తుమ్మ కంప మాత్రం రెండంచుల కత్తి. కొట్టి పేరిస్తే మంచి కంచె. దాని కాయ తిన్న పశువు పేడతో విత్తనాన్ని బీడంతా చల్లుతుంది, నాలుగేళ్లలో గడ్డి పోయి కంపే మిగులుతుంది. అడవి పందుల కోసం కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించడం నేరం, పశువులతోపాటు మనుషుల ప్రాణాలూ తీస్తోంది. సౌర కంచె వేరు. అందులో యంత్రం క్షణకాలం కొట్టి వదిలే విద్యుత్తు ఉంటుంది, బెదిరిస్తుందే గాని చంపదు.

మూసిన బీడులో ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వానతో బతికే గడ్డే వేయాలి. నీరున్న చోట నేపియర్ గొప్పదే, చెల్క నేలలో దానికి తావు లేదు. అంజన్ గడ్డి, దానితో కలిపి స్టైలో ఇక్కడికి తగినవి. స్టైలో విత్తనం పెంకు గట్టిది. కొద్ది నిమిషాలు వేడి నీటిలో ఉంచి చల్లితే మొలక బాగుంటుంది. గట్టుపై అవిశ, సుబాబుల్, దశరథ గడ్డి ఉంటే వేసవిలో పచ్చి ఆకు దొరుకుతుంది. మొదటి ఏడాది పశువును అసలు దించరాదు, కోసి వేసుకోవాలి. రెండో ఏడాది నుంచి బీడును మూడు, నాలుగు మడులుగా చేసి ఒక్కొక్కటీ మార్చి మార్చి మేపాలి. ఇక్కడే అన్ని పథకాలూ తప్పుతున్నాయి. 2006లో మొదలైన ఉపాధి హామీ కింద కందకాలు, పశుగ్రాస క్షేత్రాలు చేపట్టారు. తవ్విన మన్నుకు కొలత ఉంది, కూలి ఉంది. మూడో ఏడాది ఆ కందకం పూడినప్పుడు తిరిగి తీసే బాధ్యత ఎవరిదన్న దానికి మాత్రం జవాబు లేదు.

హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామం 1970ల చివరలో దీనికి ఒక దారి చూపింది. కొండ మీద మేపు మానితే చెరువు నీటిలో భూమి లేనివారితో సహా ప్రతి ఇంటికీ సమాన వాటా అన్నారు. తీగ లేకుండానే కొండ పచ్చబడింది, మేకలు తగ్గి గేదెలు పెరిగాయి. దానికి 'సామాజిక కంచె' అని పేరు వచ్చింది. సీమలో అదే నమూనా అక్షరాలా కుదరదు. ఇక్కడ పంచడానికి చెరువు నీరు లేదు, గడ్డి మాత్రమే ఉంది. అందుకు ముందు ఆ గడ్డి నేల ఎంత మిగిలిందో తేలాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు రూపొందించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మేత పోరంబోకు ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలో గ్రామ సచివాలయం గోడ మీద రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ చర్చ గ్రామసభలో జరిగినా ఒక చిక్కు ఉంది. ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల గొర్రెల కాపరులు ఎండాకాలమంతా మందలతో ఊరు విడిచి ఉంటారు. రైతు చేలో రాత్రి మంద నిలిపి, ఆ ఎరువుకు ప్రతిఫలం తీసుకుని ముందుకు సాగుతారు. ఏ బీడు మూయాలో ఊరు నిర్ణయించే వేళకు వారు ఏ మైలుకు అవతల ఉన్నారో ఎవరికీ తెలియదు. తొలకరికి తిరిగి వచ్చి చూసేసరికి పాత దారిలో కొత్త కందకం ఉంటుంది.