మట్టిలో కలియు ప్లాస్టిక్కు

2022 జూలై 1వ తేది మొదలు, ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులను కొన్నింటిని భారతప్రభుత్వము నిషేధించినది. నాటినుండియు “మట్టిలో కలిసిపోవును” అను ముద్రగల సంచులు బజారున విశేషముగా కానవచ్చుచున్నవి. ఆ ముద్రను ఎంతవరకు నమ్మవచ్చును?

ఇట్టి వస్తువులను చేయు మార్గములలో నొకటి, సోయాచిక్కుడు, మొక్కజొన్న మొదలగువాని మాంసకృత్తులను పాలిమరులతో మేళవించుట. ఉద్దేశము మంచిదే. మాంసకృత్తులు నేలలోని సూక్ష్మజీవులకు ఆహారము. అయితే వానితో మాత్రమే చేసిన రేకు ఆరినచో పెళుసుబారును, తడిసినచో మెత్తబడును. గ్లిసరిను కలిపి పెళుసుదనమును కొంత పోగొట్టవచ్చునుగాని నీటి బాధ తీరదు. అందుచేతనే వేరొక పదార్థము తోడు కావలసివచ్చినది. చిక్కంతయు ఈ తోడులోనే యున్నదని మా యభిప్రాయము.

ఆ తోడు పాలిథీనైనచో జరుగునదేమి? సూక్ష్మజీవులు మాంసకృత్తులను తిని పాలిథీనును విడిచిపెట్టును. మిరపచేలలో పరచు మల్చింగు షీటు ఇట్టిదైనచో, అది మాయమైనట్లు కనబడును. తునకలు మాత్రము దుక్కిలో నిలిచిపోవును. అంతకంటె చినుగని షీటే నయము, చుట్టి తీసివేయవచ్చును. పాలికాప్రొలాక్టోను, పీ.బీ.ఏ.టీ. అనునవి పెట్రోలియమునుండి పుట్టినవే. ఐనను సూక్ష్మజీవులు వానిని తినగలవు. పాలిలాక్టిక్కు ఆమ్లము మొక్కజొన్న పిండినుండి వచ్చినదే. ఐనను సుమారు 60 డిగ్రీల వేడిగల ఎరువు కర్మాగారములలో గాని అది త్వరగా చివుకదు. చేనిగట్టున ఏండ్లతరబడి పడియుండగలదు.

ఈ మోజు క్రొత్తది కాదు. 1941 ఆగస్టులో హెన్రీ ఫోర్డు అమెరికాలోని డియర్‌బార్నునందు ప్లాస్టిక్కు పలకలు తొడిగిన మోటారుకారును ప్రదర్శించెను. సోయాకారని దానికి పేరు వచ్చినది. దాని తయారీలో ముఖ్యుడైన లోవెల్ ఓవర్లీ తరువాత చెప్పినదానినిబట్టి చూడగా, సోయానారను గట్టిపరచినది ఫినాలు రెసిను. అది మట్టిలో కలియునది కాదు. కీర్తి చిక్కుడుగింజకు దక్కినది, పని రెసిను చేసినది!

2024 మార్చిలో సవరింపబడిన ప్లాస్టిక్కు వ్యర్థముల నిబంధనలు, జీవక్షయ ప్లాస్టిక్కు సూక్ష్మమైన తునకలను సైతము మిగుల్పరాదని నిర్వచించినవి. దీనిని మేము స్వాగతించుచున్నాము. కాని కొను రైతునకు కావలసినది మాంసకృత్తుల పేరు కాదు. తోడి పాలిమరు ఏదో, అది ఏ తావున ఎన్నినాళ్లకు కలియునో కావలెను. ఆ సంగతి షీటు చుట్టపై తెలుగున ముద్రింపవలెనని మేము కోరుచున్నాము.

మరియొక మాట. మన రాయలసీమ వేరుసెనగ చెక్కలో ఇంచుమించు సగము మాంసకృత్తులే. ఈ పరిశ్రమ పెరిగినచో దానిపైనను కన్నుపడవచ్చును. పాడిగేదె నోటిలోని చెక్కను తీసి సంచికి పోయుట మాకు సమ్మతము కాదు. బూజుపట్టి అఫ్లటాక్సిను చేరి మేతకు పనికిరాకుండపోయిన చెక్క కలదు గదా. పరిశోధకులు ముందు దానిని పరీక్షించి చూతురు గాక.