విషాద సారంగధర: పిల్లల ప్రశ్నలు

సంపాదకులకు,

అయ్యా,

తరతరాలుగా ఈ ప్రాంతంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు బడిలో దొరికే తెలుగు సాహిత్యం స్వల్పం. 2006 నాటి చట్టంతో పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. కనుక ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి ‘విషాద సారంగధర’ను గురించి వారికి కలిగే సందేహాలు తీర్చవలసినవారు ఇంటి పెద్దలే. ‘ఆ పాతకథ నీకెందుకురా’ అని కసరడం న్యాయం కాదు.

ఇది నిజంగా జరిగిందా అన్నది మొదటి ప్రశ్న. జరిగినట్లు చరిత్రలో ఆధారం లేదు. రాజరాజనరేంద్రునికి చోళరాజపుత్రి అమ్మంగదేవియందు పుట్టిన కుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడని ప్రసిద్ధి పొందాడు. సారంగధరుడు కావ్యాలలోని వాడు. గౌరన, చేమకూర వేంకటకవి ఆ కథను మునుపే చెప్పియున్నారు.

చిత్రాంగి ఒక్కతే దోషియా అన్నది రెండవది. ఆమె నింద మోపింది, నిజమే. కాని కన్నకొడుకు మాట చెవిని పెట్టక, విచారణ లేక, కాలుసేతులు నరకమన్నది రాజు. ఆ తప్పును ఆమె నెత్తిన రుద్దడం రాజును దాటవేయడమే.

పాతకథలో సిద్ధుడు వచ్చి పోయిన అవయవాలు తిరిగి ఇప్పిస్తాడు గదా, ఆచార్యులవారు విషాదాంతం ఎందుకు చేశారన్నది మూడవది. మంగళాంతమే మన నాటక మర్యాదగా ఉన్న రోజులవి. అయినను చేతులు తిరిగి మొలిస్తే తొందరపాటు తీర్పుకు మూల్యమేమున్నది? ప్రేక్షకుడు తేలికపడి ఇంటికి పోతాడు. పోయినది తిరిగిరాదని తెలిసినప్పుడే రాజు చేసిన పని ఎంతటిదో గుండెకు తగులుతుంది. ఆచార్యులవారు చేసింది సాహసం. అది సబబేనని నా నమ్మకం.

1891లో ఈ బళ్లారి సమాజంవారి తెలుగు నాటకాలు చెన్నపట్నంలో చూసి ముగ్ధులైన పమ్మల్ సంబంధ మొదలియారుగారు ఆ యేడే సుగుణ విలాస సభను నెలకొల్పారు. తరువాత తమిళంలో సారంగధర నాటకం కూడా వ్రాశారు. తమిళ రంగస్థలాన్నే కదిలించిన నాటకకర్తను మన పిల్లలు ఎరుగకపోతే లోటు ఎవరిది? సెలవు రోజున ఇంట్లో ఒక్కొక్క రంగం చొప్పున పైకి చదివి వినిపించండని తోటి పాఠకులకు మనవి. అర్థం కాని పద్యం దగ్గర ఆగి చెప్పండి. ప్రశ్నలు వాటంతట అవే వస్తవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరువలం.