సన్‌స్క్రీన్ లేపనాల భద్రతకు పూచీ ఎవరిది?

ఎండ ధాటి నుంచి చర్మాన్ని కాపాడతాయనే సన్‌స్క్రీన్ లేపనాలు ఒకప్పుడు సముద్ర తీరాల్లో విహరించే పాశ్చాత్య యాత్రికుల సంచుల్లోనే కనిపించేవి. నేడవి మన చిన్న పట్టణాల మందుల షాపుల్లోనూ విరివిగా అమ్ముడవుతున్నాయి. వేసవి సమీపిస్తే చాలు, ప్రకటనలు హోరెత్తుతున్నాయి. అయితే ఆ లేపనాల్లోని రసాయనాలు చర్మం మీదే నిలిచిపోతున్నాయా, రక్తంలోకి చేరుతున్నాయా, స్నానపు నీటితో కలిసి ఎక్కడికి పోతున్నాయి అన్న ప్రశ్నలకు ఆ ప్రకటనల్లో జవాబు దొరకదు. జవాబు చెప్పవలసిన బాధ్యత ఉత్పత్తిదారులది. చెప్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఈ రెండూ సక్రమంగా నెరవేరకపోవడం శోచనీయం.

అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేందుకు ఈ లేపనాల్లో రెండు రకాల పదార్థాలు వాడతారు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజ సంబంధమైనవి. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, అవోబెంజోన్, ఆక్టోక్రిలిన్ వంటివి కర్బన రసాయనాలు. వివాదమంతా ఈ రెండో రకం గురించే. ఇవి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. చర్మం పైపొరను దాటిపోవన్న నమ్మకమే ఇంతకాలం వీటికి రక్షణ కవచమైంది.

ఆ నమ్మకాన్ని 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షకు పెట్టింది. ఆరోగ్యవంతులైన 24 మంది శరీరంలో 75 శాతం భాగానికి రోజుకు నాలుగుసార్లు చొప్పున నాలుగు రోజులు లేపనాలు పూయించింది. పరీక్షించిన నాలుగు రసాయనాలూ రక్తంలో మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల పరిమితిని మించి కనిపించాయి. ఆ పరిమితి దాటిన పదార్థాలపై విషప్రభావ పరీక్షలు మరింత లోతుగా జరగాలన్నది ఆ సంస్థ విధానం. 48 మందితో జరిపి 2020లో వెల్లడించిన మరో పరీక్షలోనూ ఆరు రసాయనాల విషయంలో ఇదే ఫలితం వచ్చింది. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని జరిగినట్లు కాదనీ, లేపనాల వాడకం మానవద్దనీ పరిశోధకులు స్పష్టం చేశారు. ఈ హెచ్చరికను విస్మరించి భయాందోళనలు రేపడం తగదు. కాని, అమెరికాలో అనుమతి ఉన్న 16 పదార్థాల్లో సురక్షితమని చెప్పడానికి చాలినంత సమాచారం ఉన్నవి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మాత్రమేననీ, మరో 12 పదార్థాలపై అదనపు సమాచారం కావాలనీ అదే సంస్థ 2019లో ప్రతిపాదించడం గమనార్హం.

ఐరోపా సమాజం మరో అడుగు ముందుకు వేసింది. ఆక్సిబెంజోన్‌ను ఒంటికంతటికీ 6 శాతం మోతాదులో వాడటం సురక్షితం కాదని అక్కడి శాస్త్రీయ సంఘం 2021లో తేల్చింది. ఆ మేరకు 2022లో నిబంధన మార్చి, ముఖం, చేతులు, పెదవులకు వాడే లేపనాల్లో 6 శాతం, ఒంటికి పూసుకునే వాటిలో 2.2 శాతం గరిష్ఠ పరిమితిగా నిర్ణయించారు. ఒకే రసాయనాన్ని పూర్తిగా నిషేధించకుండా, వాడకాన్ని బట్టి మోతాదు నిర్ణయించిన ఈ పద్ధతి అనుసరణీయం.

ఒంటి మీది లేపనం చివరికి నీటిలోనే కలుస్తుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు సైతం ఈ రసాయనాలను పూర్తిగా తొలగించలేకపోతున్నాయి. ప్రయోగశాలల్లో ఆక్సిబెంజోన్ పగడపు జీవుల డింభకాలకు హాని చేసినట్లు తేలడంతో హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసింది. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న లేపనాల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి నిషేధించింది. పసిఫిక్ ద్వీపదేశం పలావు 2020లోనే నిషేధం అమలు చేసింది. 2021లో థాయిలాండ్ తన సముద్ర జాతీయోద్యానాల్లో ఇటువంటి లేపనాల వాడకాన్ని నిషేధించింది. పగడపు దిబ్బలకు అసలు శత్రువు సముద్ర జలాలు వేడెక్కడమేనన్న వాదన నిజమే. 2024 వేసవిలో లక్షద్వీప్ దిబ్బలు తెల్లబడిపోవడానికి కారణం ఆ వేడిమే. అయితే తెల్లబడిన జీవులకు ఆక్సిబెంజోన్ తాకిడి మరింత ప్రమాదకరం కావచ్చునని 2022లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన సూచించింది. మూలిగే నక్కపై తాటిపండు పడనివ్వడం విజ్ఞత అనిపించుకోదు.

ఈ విషయంలో మన పరిస్థితి ఏమిటి? లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ ప్రాంతాల్లో మనకు పగడపు దిబ్బలున్నాయి. పొరుగున ఉన్న మాల్దీవుల ఆర్థిక వ్యవస్థ దిబ్బల మీద, వాటిని చూడవచ్చే యాత్రికుల మీదే ఆధారపడి ఉంది. అమెరికాలో సన్‌స్క్రీన్ మందుల కోవలోకి వస్తుంది గనుక, కిరణాలను అడ్డుకునే ప్రతి పదార్థం ఎంత శాతం ఉందో పెట్టెపై ముద్రించక తప్పదు. మన దేశంలో అది సౌందర్య సాధనం మాత్రమే. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు, భారతీయ ప్రమాణాల సంస్థ జాబితాలు ఉన్నప్పటికీ కొనుగోలుదారుకు సాధారణంగా దక్కేది చిన్న అక్షరాల్లో పదార్థాల పేర్లే. ప్రత్యర్థి లేపనం చెప్పినంత రక్షణ ఇవ్వడం లేదంటూ ఒక సంస్థ ఇచ్చిన ప్రకటనపై 2025లో వివాదం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. నిజానిజాలు తేల్చవలసింది వ్యాపార ప్రత్యర్థులా, ప్రభుత్వ ప్రయోగశాలలా?

తెల్లజాతీయుల్లో చర్మ క్యాన్సర్ అధికం. వారికి ఈ లేపనం ప్రాణరక్షణ సాధనం. మన చర్మంలోని మెలనిన్ మనకు కొంత సహజ రక్షణ ఇస్తోంది. అంతమాత్రాన ఇక్కడ లేపనాలు అనవసరమని కాదు. బొల్లి, మంగు, ఎండ సరిపడని చర్మవ్యాధులు ఉన్నవారికి వైద్యులు వీటిని సూచిస్తారు. అటువంటివారు ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది కనుకనే ఆ పదార్థాల భద్రత సందేహాతీతంగా ఉండాలి. మిగిలినవారికి నీడ, గొడుగు, తలపాగా, నిండుచేతుల నూలు దుస్తులు ఇచ్చే రక్షణ తక్కువేమీ కాదు.

నిషేధాల కోసం తొందరపడవలసిన పని లేదు. పదార్థాల శాతాలను స్పష్టంగా ముద్రించడం తప్పనిసరి చేయాలి. ఐరోపా పరిమితుల వెలుగులో మన జాబితాలను పునస్సమీక్షించాలి. దుకాణాల నుంచి నమూనాలు సేకరించి, పరీక్షా ఫలితాలను ప్రజల ముందుంచాలి. లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో పర్యాటకాన్ని విస్తరించే ముందే అక్కడి జలాల్లో ఈ రసాయనాల పాలు ఎంతో లెక్కగట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ ఖజానాకు పెనుభారం కాదు. సురక్షితమని రుజువు చేసే భారాన్ని అమ్మేవారిపై మోపకుండా, ప్రమాదకరమని రుజువు చేసే భారాన్ని కొనేవారికి వదిలివేయడం ప్రజారోగ్య విధానం అనిపించుకోదు.